జీతం పుచ్చుకుంటే సేవ కాకుండా పోతుందా?

పార్కులను, అడవులను ప్రాణంగా చూసుకునే జనం అమెరికాలో లక్షల్లో ఉన్నారు. సెలవు రోజున వచ్చి చెత్త ఏరతారు, కాలిబాటలు బాగుచేస్తారు, పిచ్చిమొక్కలు పీకుతారు. అలాంటప్పుడు జీతాలిచ్చి సిబ్బందినీ, భత్యాలిచ్చి యువదళాలనూ పోషించడం దేనికి? ఈ ప్రశ్న ఆ దేశంలో చాలా ఏళ్ళుగా, ఎంతో మర్యాదగా, పెద్దమనుషుల నోట వినిపిస్తోంది. దానికి జంటగా ఇంకో మాట ఉంది: డబ్బు పుచ్చుకుని చేసేది ఉద్యోగం, పుచ్చుకోకుండా చేసేదే సేవ అని. మొదటిది ఖర్చు లెక్కలు చూసేవాళ్ళది, రెండోది మంచి మనసున్నవాళ్ళది. మంచి మనసున్నవాళ్ళ మాటను అడ్డం పెట్టుకుని లెక్కలవాళ్ళు తమ పని కానిచ్చుకుంటున్నారు. రెండు మాటలూ తప్పే. ఆ భూములకూ, వాటి కోసం చెమటోడ్చగల పిల్లలకూ కీడు చేసే తప్పులు.

ఇది మాటల దగ్గర ఆగిపోయే తగవైతే ఇంత రాయాల్సిన పనిలేదు. 2025 ఫిబ్రవరిలో నేషనల్ పార్క్ సర్వీస్ నుంచి సుమారు వెయ్యి మందిని, ఫారెస్ట్ సర్వీస్ నుంచి మూడు వేలకు పైగా ఉద్యోగులను, ప్రొబేషన్‌లో ఉన్నారన్న సాకుతో ఇంటికి పంపారు. ఏప్రిల్‌లో సేవాదళాలకు భత్యాలు సమకూర్చే ప్రభుత్వ సంస్థ అమెరికోర్ ఇచ్చే గ్రాంట్లలో దాదాపు 40 కోట్ల డాలర్ల మేర రద్దు చేశారు. ఆ సంస్థ కిందే నడిచే నేషనల్ సివిలియన్ కమ్యూనిటీ కోర్‌లో చేరి, ఇంటికి దూరంగా ఉండి పనిచేస్తున్న యువతీయువకులను గడువు తీరకముందే వెనక్కి పంపేశారు. కోర్టులు కలగజేసుకుని కొన్ని నిర్ణయాలను ఆపాయి, కొందరిని తిరిగి తీసుకోవాల్సి వచ్చింది. కానీ ఆ కోతలకు వెన్నుదన్నుగా నిలిచిన వాదన మాత్రం చెక్కుచెదరలేదు. నేను ఖండించేది ఆ వాదనను.

ముందు ఆ పని ఎంతటిదో చూడాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్న భూమి సుమారు 64 కోట్ల ఎకరాలు, దేశ విస్తీర్ణంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. అందులో నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకునేది ఎనిమిదిన్నర కోట్ల ఎకరాలు. 2024లో ఆ పార్కులకు జరిగిన సందర్శనలు 33 కోట్లు దాటాయి. అంతకుముందు ఏ ఏడాదీ అన్ని లేవు. సిబ్బంది మాత్రం 2010తో పోలిస్తే తగ్గారు. ఎప్పుడో చేయాల్సి ఉండి వాయిదా పడుతూ వచ్చిన మరమ్మతుల విలువ సుమారు 2,300 కోట్ల డాలర్లు. పార్కులకు, అడవులకు, ఇతర ప్రభుత్వ భూములకు కలిపి ఏటా 190 కోట్ల డాలర్ల దాకా ఐదేళ్ళపాటు ఇచ్చేలా 2020లో ఒక చట్టం చేసినా ఆ బకాయి తీరలేదు. అందులో వంతెనలున్నాయి, మంచినీటి గొట్టాలున్నాయి, మురుగునీటి శుద్ధి కేంద్రాలున్నాయి. శని ఆదివారాల్లో వచ్చే మనుషులతో తెమిలే పనులు కావవి.

జీతం సేవను చెరుపుతుందనేవాళ్ళు 1933 నాటి చరిత్రను ఒకసారి తిరగేయాలి. ఆ ఏడాది మార్చి 4న రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాడు. నెల తిరగకుండానే, మార్చి 31న, సివిలియన్ కన్సర్వేషన్ కోర్‌కు పునాది వేసిన చట్టం మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ 7న మొదటి కుర్రవాడు పేరు రాయించుకున్నాడు, 17న వర్జీనియా అడవుల్లో మొదటి శిబిరం వెలిసింది. జులై కల్లా రెండున్నర లక్షలకు పైగా యువకులు దేశమంతటా శిబిరాల్లో ఉన్నారు. పెళ్ళికాని, పని దొరకని, పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్ళేవి, కుర్రవాడి చేతికి వచ్చేవి ఐదు. తిండి, బట్ట, పడక ప్రభుత్వం చూసుకునేది.

ఆ పాతిక డాలర్ల గురించి కాస్త ఆలోచించాలి. దేశంలో పనిచేయగలిగినవాళ్ళలో నాలుగో వంతు మందికి పనిలేని రోజులవి. తండ్రి పని పోయి ఇంట్లో కూర్చున్నాడు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆకలితో ఉన్నారు. అలాంటి ఇంట్లో పెద్దకొడుకును పిలిచి, దేశం కోసం వచ్చి అడవిలో ఊరికే చెట్లు నాటమంటే ఏమంటాడు? మనసులో ఎంత ఉన్నా రాలేడు. ఆ పాతిక డాలర్లు ఇంటికి చేరుతున్నాయి కాబట్టే వాడు నిశ్చింతగా కొండెక్కగలిగాడు. జీతం వాడి సేవకు అడ్డం రాలేదు. వాడిని ఇంటి గడప దాటించి సేవ దాకా తీసుకొచ్చింది ఆ జీతమే. 1942లో ఆ కార్యక్రమం ముగిసేనాటికి సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు. దాదాపు 300 కోట్ల చెట్లు నాటారు. ఏడు వందలకు పైగా రాష్ట్ర పార్కుల అభివృద్ధిలో వాళ్ళ చెయ్యి ఉంది. కొలరాడోలో ఎర్రరాతి గుట్టల మధ్య రెడ్ రాక్స్ అనే ఆరుబయలు రంగస్థలం ఉంది, ప్రపంచంలో పేరున్న సంగీత బృందాలన్నీ అక్కడ పాడాలని కోరుకుంటాయి. అది కట్టింది ఈ నెలకు 30 డాలర్ల కుర్రవాళ్ళే. పగలు పనిచేసి సాయంత్రాలు చదువుకుని నలభై వేల మందికి పైగా అక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. ముసలివాళ్ళయ్యాక కూడా సంఘాలు పెట్టుకుని కలుసుకుంటూ, తాము నాటిన చెట్లను మనవలకు చూపించుకున్నారు. వాళ్ళది సేవ కాదని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా?

అందులో ఇంకో పాఠం కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. పట్నాల వాడల నుంచి వచ్చిన ఆ పిల్లల్లో చాలామంది గొడ్డలి పట్టి ఎరగరు. మొదట్లోనే ఈ సంగతి బయటపడింది. అప్పుడు శిబిరాల చుట్టుపక్కల పల్లెల్లో అడవి పని తెలిసిన పెద్దవాళ్ళను, సుమారు పాతిక వేల మందిని, జీతానికి పెట్టుకున్నారు. స్థానిక అనుభవజ్ఞులని వాళ్ళకు పేరు. చెట్టు ఏ వైపు ఒరుగుతుందో చూసి నిలబడడం, రంపం పళ్ళకు పదును పెట్టడం, బండరాయిని గునపంతో మెల్లగా జరపడం కుర్రవాళ్ళకు నేర్పింది ఆ పల్లెటూరి కూలీలే. పట్నం పిల్లలు వచ్చి తమ పొట్ట కొడుతున్నారన్న కోపం ఆ ఊళ్ళలో రాజుకోకుండా చేసింది కూడా వాళ్ళకు ఇచ్చిన ఆ పనే. సేవకుడికి ముందు పని నేర్పేవాడు కావాలి. నేర్పేవాడు రోజూ అక్కడే ఉండాలి. రోజూ ఉండాలంటే వాడికి జీతం కావాలి.

నేర్పడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కొండ మీద ఒక కాలిబాటను దగ్గరగా చూడాలి. బాటకు పెద్ద శత్రువు మనిషి పాదం కన్నా నీరే. వాన కురిస్తే నీరు బాట వెంటే దిగుతుంది, మట్టిని కోసుకుపోతుంది, రెండు మూడు ఏళ్ళలో బాట కాస్తా వాగు అవుతుంది. నడిచేవాళ్ళు ఆ గుంత తప్పించుకోవడానికి పక్కన గడ్డి మీద నడుస్తారు, అక్కడా కోత మొదలవుతుంది. దీన్ని ఆపడానికి బాటకు అడ్డంగా రాళ్ళో దుంగలో పాతి నీటిని పక్కకు మళ్ళిస్తారు. ఆ అడ్డును ఏటవాలుగా పెట్టాలి. తిన్నగా అడ్డం పెడితే నీరు అక్కడే ఆగి, మట్టి పేరుకుని, మరుసటి ఏడాదికి రాయి పూడిపోతుంది, నీరు దాని మీద నుంచే దూకుతుంది. రాయిలో ఎక్కువ భాగం నేలలో ఉండాలి, లేకపోతే గుర్రం కాలు తగిలినా కదిలిపోతుంది. ఇంత చేసినా ఏటా ఆకులూ మట్టీ ఎత్తిపోయాలి. ఒక్కరోజు వచ్చి రాయి పాతి, ఫొటో దిగి వెళ్ళిపోయినవాళ్ళకు అది పూడిపోయిన సంగతి తెలిసే అవకాశమే లేదు. 1964 నాటి వనప్రాంత చట్టం కింద రక్షించిన అడవుల్లో మోటారు రంపం కూడా వాడకూడదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే పాతకాలపు రంపంతోనే కూలిన మానులను కోయాలి. ఒత్తిడిలో బిగుసుకుని ఉన్న మాను కోత పూర్తవుతున్నప్పుడు ఎటు ఎగిరిపడుతుందో తెలియకపోతే ప్రాణం పోతుంది. అందుకే ఫారెస్ట్ సర్వీస్ శిక్షణ పొంది అర్హత పత్రం తెచ్చుకున్నవాళ్ళకే రంపం ఇస్తుంది. ఆ శిక్షణ, అర్హతల వ్యవస్థను నడిపేది ఎవరు? జీతం మీద ఉన్న ఉద్యోగి. వాడిని తీసేసి స్వచ్ఛంద సేవకులను రమ్మంటే వాళ్ళకు రంపం ఇచ్చే మనిషే ఉండడు.

ఈ పనిలో ప్రమాదం ఊహ కాదు. 1937 ఆగస్టులో వ్యోమింగ్‌లోని షొషోనీ అడవిలో బ్లాక్‌వాటర్ మంటలను ఆర్పుతూ 15 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కన్సర్వేషన్ కోర్ పిల్లలే.

ఇక జీతం లేని సేవ ఒక్కటే మిగిలితే ఏమవుతుందో చూడడానికి ఊహలక్కర్లేదు. 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 దాకా, 35 రోజులు, అమెరికా ప్రభుత్వం పాక్షికంగా మూతపడింది. సిబ్బందిలో అత్యధికుల్ని ఇళ్ళకు పంపి, చాలా పార్కుల గేట్లు మాత్రం తెరిచి ఉంచారు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ పార్కు సుమారు ఎనిమిది లక్షల ఎకరాలది. అక్కడ మిగిలింది గుప్పెడుమంది రేంజర్లు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కొండలెక్కే గైడ్లు, దుకాణదారులు ముందుకొచ్చారు. మరుగుదొడ్లు కడిగారు, కాగితం చుట్టలు సొంత డబ్బుతో తెచ్చి పెట్టారు, పొంగిపొర్లుతున్న చెత్తడబ్బాలు ఖాళీ చేశారు. అంతకంటే శుద్ధమైన సేవను ఎక్కడ చూపించగలం? వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

అయినా పార్కు పాడైంది. కొందరు సందర్శకులు రోడ్డు దిగి ఎడారి మీదుగా వాహనాలు నడిపారు. పార్కు లోపల రెండు కొత్త దారులు పడ్డాయని పార్కు అధికారే చెప్పాడు. జాషువా చెట్లు దెబ్బతిన్నాయి. ఆ చెట్టు ఏడాదికి కొద్ది అంగుళాలే పెరుగుతుంది, వందేళ్ళకు పైగా బతుకుతుంది. చక్రం కింద పడిన ఎడారి నేల పైపొర మళ్ళీ కట్టుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. చెత్త ఎత్తిన సేవకుడు వాహనాన్ని ఆపలేడు, జరిమానా రాయలేడు, అర్ధరాత్రి గస్తీ తిరగలేడు. ఆ అధికారం అతనికి లేదు, ఉండకూడదు కూడా. చట్టం పేరుతో మాట్లాడే అధికారం చట్టానికి జవాబుదారీగా ఉన్న ఉద్యోగి చేతిలోనే ఉండాలి. సేవకుల లోపం ఏమీ లేకపోయినా జరిగిన నష్టం ఇది. వాళ్ళ చేతికి రాని పనిని వాళ్ళ మీద వదిలేసిన ప్రభుత్వానిదే ఆ తప్పు.

అవతలివాళ్ళ దగ్గర ఒక బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని తప్పించుకుపోవడం న్యాయం కాదు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ కాలిబాట అది. దాన్ని ముప్పై దాకా క్లబ్బుల స్వచ్ఛంద సేవకులు ఏటా వేల సంఖ్యలో బాగుచేస్తారు. ప్రభుత్వం లేకుండానే ఇంత జరిగిందంటారు. జరిగినదేమిటో చూద్దాం. 1921లో బెంటన్ మకాయ్ ఆ బాటను ప్రతిపాదించాడు, క్లబ్బులు ఏళ్ళ తరబడి కష్టపడ్డాయి, నిజమే. కానీ 1937 ఆగస్టు 14న మెయిన్‌లో ఆఖరి ముక్కను తెరిచి బాటను పూర్తిచేసింది జీతం మీద పనిచేసిన కన్సర్వేషన్ కోర్ కుర్రవాళ్ళు. బాట ప్రైవేటు భూముల్లో ఉన్నంతకాలం యజమాని వద్దంటే దారి మార్చుకోవాల్సి వచ్చేది. కాలిబాటల కోసం 1968లో చేసిన కేంద్ర చట్టం, 1978లో దానికి చేసిన సవరణ తర్వాత ప్రజల డబ్బుతో భూమి కొన్నాకే బాటకు స్థిరమైన చోటు దక్కింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగంలో వందల మైళ్ళ మేర చెట్లను కూల్చినప్పుడు క్లబ్బులవాళ్ళు, ఫారెస్ట్ సర్వీస్ రంపం బృందాలు కలిసి దిగితేనే దారి తెరుచుకుంది. ప్రభుత్వ భూమి, జీతం మీద ఉన్న నిపుణులు, వాళ్ళ పక్కన సేవకులు అన్న మూడూ కలిస్తే నిలిచిన బాట అది. అందులో రెండింటిని తీసేసి మూడోదాన్ని చూపించి, చూశారా ఇదొక్కటే చాలు అనడం మోసం.

స్వచ్ఛంద సంస్థల చరిత్ర కూడా వాళ్ళకు సాక్ష్యం చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పార్కులు శిథిలమవుతుంటే, డబ్బివ్వలేకపోతే వాటిని మూసేయండని రచయిత బెర్నార్డ్ డివోటో 1953లో హార్పర్స్ పత్రికలో రాశాడు. అది చదివి కదిలిపోయిన ఎలిజబెత్ కుష్మన్ అనే కాలేజీ విద్యార్థిని, పాత కన్సర్వేషన్ కోర్ నమూనాలో విద్యార్థి దళం కావాలని 1955లో తన సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదించింది. 1957లో గ్రాండ్ టీటన్, ఒలింపిక్ పార్కుల్లో మొదటి విద్యార్థులు పనికి దిగారు. స్టూడెంట్ కన్సర్వేషన్ అసోసియేషన్ అలా పుట్టింది. ప్రభుత్వం చెయ్యి దులుపుకోవడానికి ఆమె దారి చూపలేదు, ప్రభుత్వం వదిలేసిన పనిని గుర్తుచేసింది. నెలల తరబడి పనిచేసే యువతకు ఆ సంస్థ ఇవాళ బతుకు భత్యం ఇస్తోంది. ఉచిత సేవలో అంత అనుభవమున్నవాళ్ళే ఆ దారిలోకి ఎందుకొచ్చారో ఆలోచించాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇక్కడే ఉంది. మూడు నెలలు జీతం లేకుండా ఎల్లోస్టోన్‌లో ఉండి పనిచేయగల పిల్లవాడు ఎవరు? ఇంటి అద్దె తండ్రి కడతాడు, విమానం టికెట్టు తల్లి కొంటుంది, వేసవిలో సంపాదించకపోయినా చదువు ఆగదు. పగలు కాలేజీ, రాత్రి హోటల్లో గిన్నెలు కడిగే పిల్లకు ఆ మూడు నెలలు ఎక్కడివి? ఆ పిల్లకు అడవి మీద ప్రేమ తక్కువని ఎవరు చెప్పగలరు? ఉచిత సేవ ఒక్కటే మిగిలితే ఆమెను గేటు దగ్గరే ఆపేసినట్టు. ఆ పైన మోసం ఇంకొకటి. రేంజరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు పార్కులో పనిచేసిన అనుభవం ఉందా అని అడుగుతారు. ఊరికే పనిచేయగలిగినవాళ్ళకే అనుభవం ఉంటుంది, వాళ్ళకే ఉద్యోగం వస్తుంది. అందరి భూమి కాస్తా కలిగినవాళ్ళ పిల్లల చేతికి వెళుతుంది. అమెరికోర్ ఇచ్చే భత్యం చాలీచాలనిదే. ఏడాది పూర్తిచేస్తే చదువుకు ఇచ్చే సాయం ఏడు వేల డాలర్ల పైచిలుకు. ఆ మాత్రానికే వేలమంది పేద పిల్లలు వస్తున్నారు. దాన్ని కూడా దుబారా అనేవాళ్ళను చూస్తే కోపం వస్తుంది.

యువదళాలు కార్మికుల పొట్ట కొడతాయన్న అభ్యంతరం 1933లో కార్మిక నాయకుడు విలియం గ్రీన్ లేవనెత్తాడు. రోజుకు డాలరు కూలి మిగతా కూలిరేట్లను కూల్చేస్తుందని ఆయన భయం. న్యాయమైన భయమే. కార్మిక సంఘం నుంచే వచ్చిన రాబర్ట్ ఫెక్నర్‌ను రూజ్‌వెల్ట్ డైరెక్టరుగా పెట్టి దానికి జవాబు చెప్పాడు. ఉద్యోగుల స్థానంలో సేవాదళాలను వాడకూడదని ఇప్పటి చట్టమూ అంటోంది. ఉద్యోగాన్ని తీసేసి అదే పనికి ఉచిత సేవకుడిని పిలవడమే అసలైన పొట్టకొట్టుడు.

పాత కోర్‌కు మచ్చలున్నాయి. వివక్ష ఉండకూడదని చట్టంలోనే రాసి, నల్లజాతి యువకులను వేరే శిబిరాల్లో పెట్టారు. ఆడపిల్లలను చేర్చుకోనే లేదు. ఆ మచ్చలను దిద్దుకోవాలి. వాటిని చూపించి జీతమిచ్చే దళమే వద్దనడం కుదరదు.

ఈ గొడవ మనకెందుకని తెలుగు పాఠకుడు అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ స్థలంలో చెరువు పూడిక తీసి, కాలువ తవ్వి, మొక్క నాటినవాడికి కూలి ఇవ్వాలన్న హక్కు అమలైంది మన నేల మీద నుంచే. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పూడిక తీసినవాడు కూలి పుచ్చుకున్నాడని ఆ చెరువులో నీళ్ళు నిలవడం మానలేదు.

ఇక అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకు ఒక మాట. మీ పిల్లలు హైస్కూల్లో సేవా గంటలు పోగుచేసుకుంటూ పార్కుల్లో కలుపు పీకుతున్నారు, మంచిదే, మానిపించకండి. కానీ అమెరికోర్‌లో చేరాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడిన తెలుగు ఇళ్ళలో హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ తలుపు ఇప్పటికీ మూసే ఉంది. వాళ్ళకు మిగిలింది జీతం లేని సేవే. ఆ తలుపు తెరవమని అడగాల్సింది కూడా మనమే.

ఓటున్నవాళ్ళు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోను చేయండి. మా దగ్గరి పార్కులో, అడవిలో ఈ ఏడాది జీతం ఇచ్చే పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, యువదళాలకు ఎంత కేటాయించారు, ఎంత కోశారు అని అడగండి. సేవకులు ఉన్నారుగా అని జవాబొస్తే, వాళ్ళకు పని నేర్పే మనిషి పేరు చెప్పమనండి.